నోటి మీద వేలు, ముక్కు మీద ధ్యాస

మనలో చాలామందికి బడిలో నేర్పిన మొదటి ‘ధ్యానం’ ఒకటే: చేతులు కట్టుకో, నోటి మీద వేలేసుకో. సార్ స్టాఫ్‌రూమ్ నుంచి వచ్చేదాకా క్లాసంతా గప్‌చుప్. ఇప్పుడు చాలా బడుల్లో దాని పక్కకి మైండ్‌ఫుల్‌నెస్ పీరియడ్ వచ్చి చేరుతోంది. రావడం మంచిదే. కాకపోతే ఆ రెండూ కలిసిపోయి ఒక్కటైపోతాయేమోనని నా అనుమానం.

జహీరాబాద్‌లో మా తమ్ముడు ఆరో తరగతి. వాళ్ల బడిలో (పేరెందుకులెండి) ప్రేయర్ అయ్యాక ఐదు నిమిషాలు కండ్లు మూసుకొని శ్వాసను గమనించమంటారు. ఎట్లుంటదిరా అని అడిగితే, “కండ్లు మూస్తే నిన్నటి కొట్లాటనే యాదికొస్తదన్నా. కదిలితే టీచర్ తిడ్తది” అన్నాడు. కొట్లాట ఎందుకైందో ఆ ఐదు నిమిషాల ముందూ ఎవరూ అడగలేదు, తర్వాతా అడగలేదు.

బౌద్ధుల సాధనలోంచి తీసుకొని 1979లో జాన్ కబాట్-జిన్ మసాచుసెట్స్‌లో ఈ పద్ధతిని ఆసుపత్రికి తెచ్చాడు. ఎంతకీ తగ్గని నొప్పులతో బాధపడే పెద్దవాళ్ల కోసం. వాళ్లు తమంతట తాము వచ్చి కూర్చున్నారు. పిల్లలు అట్లా రారు, మనం కూర్చోబెడతాం. అందుకే అసలు పనేంటో మర్చిపోకూడదు. ‘పిడికిలి బిగుసుకుంది, గుండె దడదడలాడుతోంది, ఇది కోపం’ అని గుర్తుపట్టడమే ఆ పని. మన బ్రాంచి భాషలో చెప్పాలంటే అది సెన్సర్, స్విచ్ కాదు. రీడింగ్ కనబడకుండా మూతపెడితే మోటార్ వేడి తగ్గదు కదా.

ఊపిరి మెల్లగా వదిలితే గుండె వేగం తగ్గడం నిజమే, వైవా ముందు మనం చేసేదీ అదే. కానీ క్లాసు మొత్తానికి పాఠంలా చెబితే? బ్రిటన్‌లో 80కి పైగా బడుల్లో, 8 వేల మందికి పైగా పిల్లలతో ఈ పరీక్ష చేసి చూశారు. ఫలితాలు 2022లో వచ్చాయి. మామూలుగా చెప్పే పాఠాల కంటే దీనివల్ల పిల్లల మనసులకు అదనంగా ఒరిగిందేమీ కనబడలేదు. చాలామంది ఇంటి దగ్గర సాధన చేయనేలేదు. తమాషా ఏంటంటే, కాస్త లాభపడింది టీచర్లు: వాళ్ల అలసట కొంత తగ్గింది. నన్నడిగితే ముందు వాళ్లకే నేర్పాలి.

ఢిల్లీ ప్రభుత్వ బడుల్లో 2018లో మొదలైన హ్యాపీనెస్ కరిక్యులమ్‌లో నాకు నచ్చింది ఒకటుంది. అందులో కండ్లు మూసుకోవడంతో పీరియడ్ అయిపోయేది కాదు. కథలుండేవి, ముచ్చట్లుండేవి, పరీక్ష ఉండేది కాదు.

ముచ్చట అంటే భాష కావాలి. మాది కర్ణాటక సరిహద్దు. ఒకే బెంచీ మీద తెలుగు, ఉర్దూ, కన్నడ కూర్చుంటాయి. ఇంట్లో పిల్లలకు గుస్సా వస్తది, పరేషాన్ అయితరు, బుగులు పడతరు, రంది పెట్టుకుంటరు. బుగులు రాబోయేదాని గురించి భయం. రంది లోపల కూర్చుని తొలిచే దిగులు. రేపటి లెక్కల పరీక్షకు బుగులు, దుబాయ్ పోయిన నాయిన కోసం రంది. రెండింటికీ మందు ఒకటి కాదు. బడికి రాగానే ఇవన్నీ పోయి ‘టెన్షన్’ అనే ఒక్క మాట మిగులుతుంది. తన బాధకు పేరు చెప్పలేని పిల్లాడు శ్వాసలో ఏం గమనిస్తాడు?

ఒకవేళ ఆ బుగులు బెత్తం గురించైతే? బడిలో కొట్టడం, మనసు నొప్పించేలా వేధించడం 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం నిషేధం. అక్కడ మారాల్సింది పిల్లాడి ఊపిరి కాదు.

మా దగ్గరే మాచ్‌నూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పచ్చసాలె పెట్టింది. చదువుతో పాటు కుండలు చేయడం, వడ్రంగం, కుట్టుపని నేర్పిన బడి. సారె మీద మట్టి తిరుగుతుంటే ధ్యాస తప్పిందా, కుండ వంకరపోతుంది. అక్కడ కండ్లు తెరిచే ఉండాలి, చేతులు కట్టుకుంటే కుదరదు.

మన ఎన్‌ఎస్‌ఎస్ వాళ్లు బడులకు పోయినప్పుడల్లా ప్రొజెక్టర్ మోసుకుపోతారు. ఈసారి దాన్ని ల్యాబ్‌లోనే ఉంచి, జొన్నలు, కందులు, పెసలు కలిపిన డబ్బా ఒకటి పట్టుకుపోదాం. పిల్లలు గింజలు ఏరుతుంటే పక్కన కూర్చుని అడుగుదాం: ఇయ్యాల బుగులా, రందా, గుస్సానా? చెప్పాలనిపించకపోతే ఏరుకుంటూ ఉండనిద్దాం.