పెట్టె విప్పని కాపురం

ఒమాన్ దక్షిణ తీరాన గల సలాలా నుండి ఒక సోదరి లేఖ వ్రాశారు. భర్తకు ఓడరేవులో ఉద్యోగం. కాపురం పెట్టి ఎనిమిది మాసాలయింది. జూన్ చివరి నుండి సెప్టెంబరు వరకు కురిసే తుంపర తప్ప మిగిలిన కాలమంతా ఎండే. కొబ్బరి, అరటి తోటలు కోనసీమను తలపిస్తాయట. అయినా ఊరి నుండి తెచ్చిన ఒక పెట్టెను ఆమె ఇంకా విప్పలేదు. “ఎలాగూ తిరిగి వెళ్ళేవాళ్ళమే కదా, నమాజు ఖస్ర్ చేయవచ్చా?” అని ప్రశ్న.

అమ్మా! ఒకే ఊరిలో 15 రోజులు లేక అంతకు మించి ఉండాలని సంకల్పించుకున్నవారు హనఫీ ఫిఖహ్ ప్రకారం ముసాఫిర్లు కారు, ముఖీములు. కనుక నాలుగు రకాతుల ఫర్జ్ నమాజును పూర్తిగానే చేయాలి.

పుట్టిన ఊరిపై బెంగ పాపం కాదు. మదీనా చేరిన కొత్తలో హజ్రత్ బిలాల్ (రజి) జ్వరంలో మక్కా లోయలను, అక్కడి గడ్డిని తలచుకొని విలపించారు. దైవప్రవక్త (సఅసం) ఆయనను మందలించలేదు. మక్కా వలెనే మదీనాను కూడా తమకు ప్రియమైనదిగా చేయమని అల్లాహ్‌ను వేడుకున్నారు. మీరూ సలాలా కొరకు అదే దుఆ చేయండి.

కూరలో పులుసు కాస్త పెంచి పొరుగువారికి పంచమన్నది ప్రవక్త (సఅసం) బోధన. భాష రాకపోయినా గిన్నె పట్టుకొని పక్కింటి తలుపు తట్టండి. మీవారికి నా మాటగా చెప్పండి: సంపాదనతోనే భార్య హక్కు తీరిపోదు. జుమా సెలవునాడు ఆమెను, పిల్లలను సముద్రపు ఒడ్డుకు తీసుకువెళ్ళాలి.

ముందుగా ఆ పెట్టె విప్పండి. నమాజు పూర్తిగా చేయవలసిన చోట కాపురం మాత్రం సగమెందుకు?