వదులుకోవడం వేరు, వదిలేయడం వేరు

ఇంగ్లీషు నేర్పే గైడు పుస్తకాల మీద నాకున్న కోపం ఇవాళ్టిది కాదు. లెక్కల పుస్తకంలో ఉండవలసిన సమానం గుర్తు తిన్నగా వచ్చి వీటిలో మాటల మధ్య బైఠాయిస్తుంది. 'గివ్ అప్' అని రాస్తారు. పక్కన ఆ రెండు గీతలూ గీస్తారు. ఆ తర్వాత అబాండన్, సరెండర్, రెలింక్విష్, రినౌన్స్, క్విట్, యీల్డ్ అని అరడజను మాటలు పేర్చి, చివర తెలుగులో 'వదలిపెట్టుట' అని చేతులు దులుపుకుంటారు. పిల్లవాడు కళ్లు మూసుకుని వల్లె వేస్తాడు. రెండు మార్కులు వస్తాయి. ఇంగ్లీషు మాత్రం రాదు.

ఎందుకు రాదో మనవి చేస్తాను. మా వీధిలో ఏడో తరగతి కుర్రాడొకడు ఈ జాబితా కంఠతా పట్టి, వాళ్ల నాన్నగారు సిగరెట్లు 'సరెండర్' చేశారని వ్యాసంలో రాశాడు. చదివినవాళ్లకి ఆ పెద్దమనిషి సిగరెట్టు పెట్టెలు సంచిలో వేసుకుని పోలీసు స్టేషనుకెళ్లి, అప్పజెప్పి, రసీదు పుచ్చుకున్నట్టు తోస్తుంది. ఇందులో కుర్రాడి తప్పేముంది చెప్పండి? సమానమన్నారు, నమ్మాడు.

మనకీ అలవాటు అమరకోశం వల్లించిన రోజుల నుంచీ ఉన్నట్టుంది. కాని అయ్యా, ఆ గ్రంథం అసలు పేరు నామలింగానుశాసనం. పేరులోనే ఉంది, అది ముఖ్యంగా నామవాచకాల వ్యవహారమని. సూర్యుణ్ణి భాస్కరుడన్నా దివాకరుడన్నా పొద్దున్నే పొడిచేవాడు ఒక్కడే. క్రియ అలా కాదే! ఎవరు, దేన్ని, ఏ మనసుతో చేశారన్నదాన్ని బట్టి దాని రంగు మారిపోతుంది. పేర్లకి చెల్లిన పద్ధతిని పనులకి తగిలిస్తే ఎలా?

చూడండి. 1936 డిసెంబరులో ఎనిమిదో ఎడ్వర్డు తాను ప్రేమించిన స్త్రీని పెళ్లాడటం కోసం ఇంగ్లండు సింహాసనం 'గివ్ అప్' చేశాడు. 1921లో సుభాస్ చంద్రబోసు దేశం కోసం ఐ.సి.ఎస్. ఉద్యోగం 'గివ్ అప్' చేశాడు. పొగతాగేవాడు చుట్టనీ, బస్సులో కుర్రాడు ముసలమ్మ కోసం తన సీటునీ, డాక్టర్లు రోగినీ 'గివ్ అప్' చేస్తారు. పొడుపుకథ విప్పలేని పిల్లా అదే మాట అంటుంది.

ఇప్పుడు తెలుగులో చెప్పండి. రాజు సింహాసనం త్యజించాడు. బోసు ఉద్యోగం వదులుకున్నాడు. పొగరాయుడు చుట్ట మానేశాడు. కుర్రాడు లేచి సీటిచ్చాడు. డాక్టర్లు పెదవి విరిచారు. పిల్ల 'ఓడిపోయాను, నువ్వే చెప్పు' అంది. ఇంగ్లీషువాడు ఒకే గొడుగు కింద నిలబెట్టిన వాళ్లందరికీ మన దగ్గర తలా ఒక ఇల్లుంది. రాజుగారు సింహాసనం మానేశారంటే నవ్వరూ?

ఇంతటితో అయిందా? రాని బాకీకి నీళ్లొదులుకుంటాం. పని మధ్యలో కాడి పడేస్తాం. చేతకాకపోతే చేతులెత్తేస్తాం. మరీ నిస్పృహ ముంచుకొస్తే ద్రోణుడిలా అస్త్రసన్యాసమే చేస్తాం. ఇవన్నీ 'వదలిపెట్టుట' అనే ఒక్క మాట కింద పూడ్చిపెట్టిన మహానుభావుడికి ఇంగ్లీషు సంగతి అటుంచి, తెలుగు వచ్చునా అని నా అనుమానం.

అసలు కిటుకు ఇక్కడుంది. 'వదులుకున్నాడు' అంటే నష్టం తనది, మనసు పీకుతూనే ఉంది. 'వదిలేశాడు' అంటే పీడ విరగడైంది. మొదటిదానిలో 'కొను' చేరింది, రెండోదానిలో 'వేయు' చేరింది. చిన్న తోక తగిలిస్తే మాట స్వభావమే మారిపోయింది. ఇంగ్లీషువాడు 'గివ్' వెనక 'అప్' పెట్టి చేసే గారడీ దీనికి దగ్గర చుట్టమే. 1755లో తన నిఘంటువు పీఠికలో శామ్యూల్ జాన్సన్, పరదేశీయులకి ఇంగ్లీషులో అన్నిటికన్నా కష్టమైనవి ఇలాంటి జంట మాటలే అని ఒప్పుకున్నాడు. వీటికి 'ఫ్రేజల్ వెర్బ్' అన్న పేరు 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ పుస్తకం ద్వారా ప్రచారంలోకి వచ్చింది. జాన్సన్‌గారికి కష్టమనిపించింది సరే, మన పిల్లకి ఎందుకు కష్టం కావాలి? అన్నం 'తినేశాను' అనడానికీ 'తిన్నాను' అనడానికీ తేడా అది పలకాబలపం పట్టకముందే ఎరుగును. ఆ ఎరుకని పట్టుకుని ఇంగ్లీషులోకి నడిపించవలసింది పోయి, తరగతిలో తెలుగు మాట దొర్లితే జుర్మానా వేసే బళ్లున్నాయి. చేతిలో దీపం ఆర్పించి చీకట్లో వెతుక్కోమనడం ఏం చదువండీ?

పోనీ ఆ గైడు చెప్పవలసింది చెబుతుందా? 'గివ్ అప్ టు స్మోక్' అనకూడదు, 'గివ్ అప్ స్మోకింగ్' అనాలని చెప్పదు. 'ఇట్' అన్న మాట వస్తే మధ్యలో కూర్చోవాలనీ చెప్పదు. 2015లో కేంద్ర ప్రభుత్వం, స్తోమత ఉన్నవాళ్లు వంటగ్యాసు రాయితీ వదులుకోవాలని 'గివ్ ఇట్ అప్' అంటూ ప్రచారం చేసింది. 'గివ్ అప్ ఇట్' అనలేదు. ఆ రెండు నిమిషాల పాఠం చెప్పరు గాని, 'గివ్ అప్' మోటు, 'రెలింక్విష్' నాజూకు అని మాత్రం చెబుతారు. ఇంగ్లీషువాడు ఇంట్లో పెళ్లాంతో మాట్లాడే మాట మోటా? దస్తావేజులో రాసే మాటతో కాఫీ అడగమంటారా?

సిలబసు ముందు నిలబడి ఇంత విడమరచి చెప్పే తీరికెక్కడిదంటారు మేష్టర్లు. వాళ్ల ఇబ్బంది నాకు తెలియకపోలేదు. కాని యాభై మాటలు వల్లించి ఒక్కటీ వాడలేకపోవడం కన్నా, అయిదు మాటలు నేర్చి అయిదూ వాడటం లాభం కాదా? ఒక్కోదానికి నాలుగు వాక్యాలివ్వండి. ఎవరు, దేన్ని, ఎందుకు అని అడగండి. దీన్ని మీ అమ్మ ఏమంటుందని అడగండి. జవాబు తెలుగులో వస్తే రానివ్వండి, ఇల్లేమీ కూలిపోదు.

ఇంటర్వ్యూలో నోరు పెగలక ఇంటిదారి పట్టే కుర్రాడికి తెలివి తక్కువై కాదు. మాటలన్నీ ఒకటేనని మనం నేర్పితే, ఏది ఎక్కడ వాడాలో వాడికెలా తెలుస్తుంది? పిల్లలు ఇంగ్లీషు మీద ఆశ వదులుకోకూడదనుకుంటే, పెద్దలం ముందు ఆ సమానం గుర్తుకి నీళ్లొదలాలి.