పొలిమేర దాటని రైతు సాయం

సరిహద్దు పల్లెల్లో గట్టుకు ఇరువైపులా నేల ఒక్కటే, వాన ఒక్కటే. ప్రభుత్వ సాయం మాత్రం పొలిమేర రాయి వద్ద మారిపోతున్నది.

2019లో మొదలైన పీఎం కిసాన్ కింద అర్హులైన రైతు కుటుంబానికి ఎక్కడైనా ఏటా 6,000 రూపాయలే. తేడా అంతా రాష్ట్రాలు కలిపే సొమ్ములో ఉన్నది. మహారాష్ట్ర 2023లో మరో 6,000 జోడించింది. కర్ణాటక 2019 నుంచి ఇచ్చిన 4,000ను 2023లో నిలిపివేసింది. తెలంగాణ 2025లో రైతు భరోసాను ఎకరాకు ఏడాదికి 12,000గా నిర్ణయించింది. ఆ లెక్కన రెండెకరాల రైతుకు 24,000, పదెకరాల ఆసామికి 1,20,000. ఆ పొలాన్నే కౌలుకు చేసేవానికి అందులో వాటా లేదు.

అసలు లోపం ఇక్కడే ఉన్నది. సాయం సాగును కాక పట్టాను వెతుక్కుంటూ పోతున్నది. ఆంధ్రప్రదేశ్ 2019 చట్టం కౌలుదారుకు సాగు హక్కు పత్రం కల్పించినా, దానికి భూయజమాని సమ్మతిని షరతుగా పెట్టింది. సంతకం చేస్తే భూమి చేజారుతుందేమోనన్న భయం యజమానిది; అడిగితే కౌలే పోతుందేమోనన్న జంకు కౌలుదారుది. ఒడిశా 2018లో ప్రకటించిన కాలియా పథకంలో భూమిలేని కుటుంబాలకూ చోటిచ్చింది. అంటే దారి లేకపోలేదు.

పాసుపుస్తకం దుక్కి దున్నదు. విత్తనానికి అప్పు చేసినవాని పేరు గ్రామ లెక్కల్లోకి ఎక్కనంతకాలం, ఏ రాష్ట్రం ఎంత పెంచినా ఆ సొమ్ము చేనిదాకా చేరదు.