గోడ ముందే ఎత్తుగా కట్టి ఉంటే

ఈ వారం మంచు మీద జారే ఆటల గురించి రాస్తున్నామంటే కొందరు పాఠకులు ఆశ్చర్యపోవచ్చు. గుంటూరుకూ వరంగల్లుకూ మంచెక్కడిది? కానీ మన సంఘాల్లో ఎన్నో కుటుంబాల పిల్లలు అమెరికాలోనో కెనడాలోనో స్థిరపడ్డారు. చలికాలం వచ్చిందంటే, మనవడు ప్లాస్టిక్ స్లెడ్జి మీద కొండ జారుతున్న వీడియో తాతయ్య ఫోనుకు వస్తుంది. దాన్ని ఆరాధన అయ్యాక అందరికీ చూపిస్తారు. మేమూ చూశాం, నవ్వాం. ఆ తర్వాతే నోదార్ కుమారితాష్విలి గుర్తుకొచ్చాడు.

ఆయన జార్జియా దేశపు యువకుడు, వయసు 21. ల్యూజ్ ఆటగాడు. వెల్లకిలా పడుకుని, కాళ్లు ముందుకు చాపి, మంచు కాలువలో జారిపోయే ఆట అది. బండికి బ్రేకులుండవు. పిక్కలతో, భుజాలతో నొక్కుతూ మలుపు తిప్పుకోవాలి. 2010 ఫిబ్రవరి 12న, వాంకూవర్ శీతాకాల ఒలింపిక్స్ ప్రారంభానికి కొన్ని గంటల ముందు, విస్లర్‌లోని ట్రాక్‌పై సాధన చేస్తుండగా చివరి మలుపులో అదుపు తప్పాడు. గంటకు 140 కిలోమీటర్లకు పైగా వేగంలో గోడ దాటి ఎగిరిపడి, పక్కనున్న ఉక్కు స్తంభానికి కొట్టుకున్నాడు. ఆ స్తంభానికి మెత్తటి తొడుగైనా లేదు.

ఒక మలుపంటే భయంగా ఉందని కొడుకు తనతో చెప్పాడని తండ్రి తర్వాత విలేకరులకు చెప్పారు. ఆయనా ఒకప్పుడు ఇదే ఆట ఆడినవారు. కాళ్లు నేలకు ఆనించి వేగం తగ్గించుకోమన్నారట. కొడుకు ఒప్పుకోలేదు. మన ఇళ్లలోనూ తండ్రీకొడుకుల మధ్య బైకు గురించి జరిగే సంభాషణ ఇంచుమించు ఇలాగే ఉంటుంది.

ప్రమాదం జరిగిన రోజే నిర్వాహకులు, ల్యూజ్ అంతర్జాతీయ సమాఖ్య ప్రకటన ఇచ్చారు. ట్రాక్‌లో లోపమేమీ కనబడలేదు, ఆటగాడు 15వ మలుపు నుంచి ఆలస్యంగా బయటికొచ్చి సరిదిద్దుకోలేకపోయాడు అని. అది సాంకేతికంగా నిజమే కావచ్చు. కానీ ఆ రాత్రికి రాత్రే గోడ ఎత్తు పెంచారు. స్తంభాలకు తొడుగులు వేశారు. పురుషుల పోటీని మహిళలు బయలుదేరే కింది స్థానం నుంచి మొదలుపెట్టించారు. లోపమే లేకపోతే ఇవన్నీ ఎందుకు?

అంతకు ముందు సంవత్సరమే, 2009లో, ఆ ట్రాక్‌పై వేగం అనుకున్నదానికంటే చాలా ఎక్కువగా ఉందని సమాఖ్య అధ్యక్షుడు ఆందోళనతో లేఖ రాసిన సంగతి తర్వాత బయటపడింది. లెక్కవేసింది గంటకు 137 కిలోమీటర్ల దరిదాపు. అసలు వేగం 150 దాటింది. అంటే తెలియక జరిగింది కాదు. పైగా విదేశీ ఆటగాళ్లకు ఆ ట్రాక్‌పై సాధనకు ఆతిథ్య దేశం ఇచ్చిన అవకాశాలు చాలా తక్కువన్న విమర్శ అప్పటికే ఉంది. స్వంత గడ్డపై పతకాల ఆశ ఎంతవరకు పోతుందో చూడండి.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో కొత్త ఇల్లు కట్టుకునేవాడికి ఒక ఆజ్ఞ ఉంది. మేడకు పిట్టగోడ కట్టించాలి, లేకపోతే పడినవాడి రక్తదోషం ఆ ఇంటి మీదికి వస్తుంది. పడినవాడు జాగ్రత్తగా నడిచాడా లేదా అని ఆ మాట అడగదు. అందుకే ఆనాటి ప్రకటన మాకు మింగుడుపడదు. చనిపోయినవాడు తన తరఫున చెప్పుకోలేడు గదా.

అలాగని ఆట మానాలని మేమనడం లేదు. హిమాచల్‌ప్రదేశ్‌కు చెందిన శివ కేశవన్ 1998 నుంచి 2018 వరకు వరుసగా ఆరు ఒలింపిక్స్‌లో ల్యూజ్ ఆడాడు, విస్లర్‌లో కూడా. మన దేశంలో ట్రాక్ లేక బండికి చక్రాలు బిగించుకుని, లారీలు తిరిగే కొండ రోడ్ల మీద సాధన చేశాడు. ఆ ధైర్యానికి నమస్కరిస్తాం. అయితే ధైర్యం ఆటగాడిది, గోడ కట్టించే బాధ్యత కట్టించేవాడిది. 2014 సోచీ ఒలింపిక్స్‌కు ట్రాక్ కట్టినప్పుడు వేగం తగ్గడానికి మధ్యలో మూడుచోట్ల ఎత్తుపల్లం పెట్టారు. చేయాలనుకుంటే చేయవచ్చన్నమాట.

పడకపోయినా హాని తప్పదంటున్నారు ఈమధ్య. బాబ్‌స్లే, స్కెలిటన్ ఆటగాళ్లలో ఏళ్ల తరబడి తల అదిరి అదిరి వచ్చే తలనొప్పులు, మతిమరుపు, మానసిక కుంగుబాటు గురించి వాళ్లే బయటికి చెబుతున్నారు. 2020లో మరణించిన ఒక అమెరికన్ బాబ్‌స్లే ఆటగాడి మెదడును పరీక్షిస్తే, తలకు పదేపదే దెబ్బలు తిన్న బాక్సర్లలో కనబడే క్షీణత బయటపడింది.

ఇక ఆ ప్లాస్టిక్ స్లెడ్జి సంగతి. దానికీ బ్రేకులుండవు. పిల్లవాడు తల ముందుకు పెట్టి బోర్లా పడుకోకూడదు, కాళ్లు ముందుకు పెట్టి కూర్చోవాలి. కారు వెనక కట్టి లాగడం అసలే వద్దు. ఈసారి వీడియో వస్తే తాతయ్యలూ అమ్మమ్మలూ ఒక్క క్షణం ఆపి చూడండి. నెత్తిన హెల్మెట్ ఉందా? కొండ దిగువన చెట్టుందా, రోడ్డుందా, పైన మంచు కట్టిన చెరువుందా? ఉంటే ఆ రాత్రే ఫోను చేయండి.