మోయగలిగినంతే ఎత్తుకుందాం

 

గడచిన కొన్ని మాసాలుగా దర్స్ ముగిసి మస్జిద్ మెట్లు దిగుతున్నప్పుడు ఒక క్రొత్త ప్రశ్న నాకు తరచుగా ఎదురవుతోంది. "మౌల్వీ సాబ్! రోజుకు పదహారు గంటలు ఏమీ తినకుండా ఉండి, మిగిలిన ఎనిమిది గంటల్లోనే తింటే బరువు తగ్గుతుందట, షుగర్ కూడా దిగుతుందట. అది కూడా రోజాయేనా? మేము ఎన్ని గంటలు ఉండాలి?" దీనినే ఇంటర్మిటెంట్ ఫాస్టింగ్ అంటున్నారు. అడిగేవారిలో జగిత్యాల దుకాణదారులు ఉన్నారు, కోరుట్లలో బీడీలు చుట్టే తల్లులు ఉన్నారు, సిరిసిల్లలో సాంచాల మీద పనిచేసే యువకులు ఉన్నారు.

నేను వైద్యుణ్ణి కాను, మదర్సా ఉపాధ్యాయుణ్ణి. అయినా ఈ ప్రశ్నకు బదులు చెప్పే ముందు నేను చేసిన పొరపాటును మీ ముందు ఒప్పుకోవడం న్యాయం.

నా పొరపాటు

నాకు యాభై అయిదేళ్లు. రోజంతా కూర్చొని పాఠం చెప్పే పని. నిరుడు రక్తపరీక్షలో మూడు నెలల సగటు చక్కెర 6.1 వచ్చింది. 5.7 నుండి 6.4 వరకు ఉంటే మధుమేహపు గడప మీద ఉన్నట్లే లెక్క. రాత్రి భోజనం త్వరగా ముగించి, కొంత నడిచి, నాలుగైదు కిలోలు తగ్గమని డాక్టరు గారు చెప్పారు. ఆయన గంటల లెక్క ఏదీ చెప్పలేదు. ఫోనులో ఒక వీడియో చూసి పదహారు గంటలని నిర్ణయించుకొన్నది నేనే. రమజాన్ నెల రోజులూ రోజాలు పాటించేవాడిని, ఇది నాకొక లెక్కా అనుకొన్నాను.

మొదటి రోజు నుండే సాయంత్రం ఏడు గంటలకు భోజనం ముగించి, మరునాడు పదకొండింటి వరకు మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోలేదు. ఫజర్ తరువాత పిల్లల సబఖ్ వినడం నా బాధ్యత. అయిదవ రోజు ఉదయం తొమ్మిదేళ్ల పిల్లవాడొకడు ఒకే ఆయతు వద్ద మూడుసార్లు ఆగిపోయాడు. నాకు తల నొప్పి, కడుపులో మంట. వాడి మీద గట్టిగా అరిచాను. వాడు ఏడుస్తూ ముసహఫ్ మూసివేశాడు. మరునాడు మదర్సాకు రాలేదు.

ఆ సాయంత్రం వాళ్ల ఇంటికి వెళ్లి, తండ్రి ఎదుటనే ఆ పిల్లవాణ్ణి దగ్గరకు తీసుకొని క్షమించమన్నాను. తిరిగి వస్తున్నప్పుడు నాలో ఒక్కటే ఆలోచన. నా దేహం మేలు కోసం మొదలుపెట్టిన పని వేరొకరి హక్కును కాలరాస్తే, అందులో మేలు ఏముంది?

ఒక సహాబీ వృద్ధాప్యపు మాట

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ బిన్ ఆస్ (రజి) ఉదంతం సహీహ్ బుఖారీలో ఉంది. నేను ఏళ్ల తరబడి విద్యార్థులకు బోధించినదే. అది నాకు ఆ వారంలో గాని సరిగా అర్థం కాలేదు.

ఆయన యౌవనంలో ప్రతి దినం రోజా ఉండేవారు, రాత్రంతా నమాజులో నిలబడేవారు. ఈ సంగతి తెలిసిన మహాప్రవక్త ముహమ్మద్ (స) ఆయనను వారించారు. దేహానికీ, కళ్లకూ, భార్యకూ, ఇంటికి వచ్చే అతిథికీ మనిషిపై హక్కులున్నాయని గుర్తుచేశారు. నెలకు మూడు రోజాలు చాలన్నారు. పుణ్యానికి పదింతల ప్రతిఫలం ఉన్నందున అవి ఎల్లకాలం ఉన్న రోజాలతో సమానమని తెలిపారు. తనకు ఇంకా శక్తి ఉందని ఆయన పట్టుబట్టారు. చివరకు హజ్రత్ దావూద్ (అ) రోజాకు, అంటే ఒక రోజు ఉండి ఒక రోజు మానే పద్ధతికి అనుమతి లభించింది. అంతకు మించినది లేదని ప్రవక్త (స) తేల్చి చెప్పారు. వృద్ధాప్యంలో ఒంట్లో బలం తగ్గిన తరువాత అదే సహాబీ, ప్రవక్త (స) ఇచ్చిన సడలింపును ఆనాడే స్వీకరించి ఉంటే ఎంత బాగుండేదోనని విచారించారు.

అది ఆరాధన విషయం, ఇది ఆరోగ్య విషయం. అయినా పద్ధతిని ఎన్నుకొనే వారికి ఇందులో గొప్ప పాఠం ఉంది. ఈ వారం ఎన్ని గంటలు ఆగగలనన్నది అసలు ప్రశ్న కాదు. పదేళ్ల తరువాత కూడా విసుగు లేకుండా దేనిని నిలుపుకోగలను? ఇదీ ప్రశ్న. కొద్దిపాటిదైనా నిలకడగా చేసే పనియే అల్లాహ్‌కు ప్రియమైనదని హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించిన హదీసు మనకు తెలిసినదే.

రోజా వేరు, భోజన విరామం వేరు

మొదటి ప్రశ్నకు సమాధానం స్పష్టంగా చెప్పుకొందాం. ఇది రోజా కాదు. రోజా అల్లాహ్ కోసం నియ్యత్‌తో, ఉషోదయం నుండి సూర్యాస్తమయం వరకు అన్నపానీయాలను విడిచి ఉండే ఆరాధన. మన ప్రాంతంలో అది ఋతువును బట్టి సుమారు పన్నెండున్నర నుండి పద్నాలుగున్నర గంటలు. భోజన విరామంలో నీళ్లు త్రాగవచ్చు, త్రాగాలి కూడా. దానిని సున్నత్ అని ప్రచారం చేయకూడదు. ఒక రోజు తప్పితే దానికి ఖజా లేదు. దావత్‌కు వెళ్లి ఆలస్యంగా తిన్నారా? మరునాడు మళ్లీ మీ వేళకు రండి, అంతే.

సోమ, గురువారాలలోనూ, చాంద్రమాసపు 13, 14, 15 తేదీలలోనూ నఫిల్ రోజాలు ఉండేవారు అల్లాహ్ ప్రసన్నత కోసమే ఉండాలి. ఆరోగ్యం దానితో పాటు లభించే వరం. ఇఫ్తార్‌లో మిర్చి బజ్జీలు, సమోసాలు, షర్బత్‌లతో పళ్లెం నింపుకొంటే ఆ వరం కూడా చేజారుతుంది. కడుపులో మూడవ వంతు ఆహారానికి, మూడవ వంతు నీటికి, మిగిలినది శ్వాసకు వదలమన్న ప్రవక్త (స) హితవు గంటల లెక్క కన్నా ముందు పాటించవలసినది.

జపాను శాస్త్రవేత్త యోషినోరి ఒసుమికి 2016లో నోబెల్ బహుమతి రోజా మీదనే వచ్చిందన్న సందేశం మన ఫోన్లలో తిరుగుతూ ఉంటుంది. జీవకణం తనలోని పాత భాగాలను తానే కరిగించి తిరిగి వాడుకొనే విధానాన్ని ఆయన ఈస్ట్ కణాలలో పరిశోధించారు. మనిషి ఎన్ని గంటలు తినకుండా ఉండాలో ఆయన నిర్ణయించలేదు. దీన్ ఘనతకు అతిశయోక్తుల ఊతం అవసరం లేదు.

చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో స్థూలకాయం గల 139 మందిపై ఏడాది పాటు జరిగిన పరిశోధన 2022లో వెలువడింది. ఒక బృందం ఉదయం ఎనిమిది నుండి సాయంత్రం నాలుగు వరకే మితంగా తిన్నది. రెండవ బృందం వేళల నియమం లేకుండా అంతే మితంగా తిన్నది. ఇద్దరూ బరువు తగ్గారు. వారి మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అంటే మహిమ గడియారంలో లేదు. వేళ అనేది చేనుకు కంచె వంటిది. రాత్రి పదకొండింటి బిర్యానీని, నిద్రకు ముందు మిఠాయిని అది ఆపుతుంది. కంచె లోపల ఏమి పండిస్తామన్నది మన పళ్లెం మీద ఆధారపడి ఉంటుంది.

మూడు ఊళ్లు, మూడు వేళలు

జగిత్యాలలో నేను చివరకు ఎన్నుకొన్నది పన్నెండు గంటలు. సాయంత్రం ఏడున్నరకు భోజనం ముగింపు, ఉదయం ఏడున్నరకు జొన్నరొట్టె, పప్పు లేదా గుడ్డు. రెండు వారాలు అలా గడిచిన తరువాత వారానికి అరగంట చొప్పున ముందుకు జరిపి పదమూడు గంటల వద్ద ఆగాను. ఇషా నమాజు తరువాత అరగంట నడక. ఆరు నెలల్లో నాలుగు కిలోలు తగ్గాను. పిల్లల సబఖ్ వినేటప్పుడు తలనొప్పి లేదు.

కోరుట్లలో మా బంధువుల ఖాలా ఒకరు చిన్ననాటి నుండి బీడీలు చుడుతున్నారు. ఒళ్లో చాట, చేతిలో కత్తెర, ప్రక్కన చాయ్. ఆమెకు షుగర్ ఉంది, ప్రతి ఉదయం మాత్ర వేసుకొంటారు. ఎవరో చెప్పగా విని ఉదయపు తిండి మానేశారు గాని మాత్ర మానలేదు. పదకొండు గంటల వేళ ఒళ్లంతా చెమట, చేతుల వణుకు, కత్తెర జారిపోయింది. కోడలు వెంటనే చక్కెర నీళ్లు త్రాగించింది కాబట్టి అల్‌హమ్‌దులిల్లాహ్, ప్రమాదం తప్పింది. తిన్నా తినకపోయినా రక్తంలో చక్కెరను దించే మాత్ర అదని డాక్టరు తరువాత వివరించారు. ఇప్పుడు ఆమెకు వైద్యుడు అంగీకరించిన వేళ ఇది: రాత్రి ఎనిమిదింటికి భోజనం, ఉదయం ఎనిమిదింటికి తప్పక తిండి, మాత్ర దానితోనే. అసలు మార్పు చాయ్‌లో వచ్చింది. రోజుకు అయిదు కప్పులు, కప్పుకు రెండు చెంచాల చక్కెర అంటే పది చెంచాలు. ఇప్పుడు రెండు కప్పులు, చక్కెర లేకుండా. పాలు, చక్కెర కలిసిన చాయ్ కూడా ఆహారమే. దానిని త్రాగుతూ విరామంలో ఉన్నామనుకోవడం మనల్ని మనం మభ్యపెట్టుకోవడమే.

సిరిసిల్లలో నా పూర్వ విద్యార్థి ఒకడు సాంచాల మీద పన్నెండు గంటల షిఫ్టు చేస్తాడు. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. వాడు పదహారు గంటలు ఆగుతానంటే నేనే వద్దన్నాను. కదిలే యంత్రాల మధ్య కళ్లు తిరిగితే చేయి పోతుంది. రాత్రివేళ మన దేహం చక్కెరను పగటి వలె సర్దుకోలేదు కనుక, రాత్రి షిఫ్టు వారంలో పనికి వెళ్లే ముందు ఏడింటికి కడుపునిండా భోజనం, పదకొండు లోపు పండు లేదా పల్లీలు, ఆ తరువాత నీళ్లు, ఉదయం ఇంటికి వచ్చాక తొమ్మిదింటికి తేలికపాటి తిండి, నిద్ర. అది పది గంటల విరామమే. వాడి జీవనానికి అదే సరిపోతుంది. పగటి షిఫ్టు వారంలో పన్నెండు గంటలు. అయితే పని మధ్యలో నీరసం వస్తే గంటలు చూడకుండా తినమన్నాను.

మొదలుపెట్టే వారికి

మొదటి వారం ఏమీ మార్చకండి. ఉదయం నోట్లో పడిన మొదటి ముద్ద వేళను, రాత్రి చివరి ముద్ద వేళను ఒక కాగితం మీద రాయండి. చాయ్, బిస్కెట్లు కూడా లెక్కే. చాలా ఇళ్లలో తినని సమయం ఎనిమిది, తొమ్మిది గంటలకు మించదు.

రెండవ, మూడవ వారాలు పన్నెండు గంటలు పాటించండి. మగ్రిబ్‌కు, ఇషాకు మధ్య ఇంటిల్లిపాది కలిసి భోంచేయడం దీనికి సులభమైన మార్గం. ఇంట్లో అందరి కన్నా ఆలస్యంగా, మిగిలినది తినే గృహిణి కూడా ఆ సుఫ్రా మీదనే కూర్చోవాలి. తేలికగా ఉంటే ఆపై వారానికి అరగంట పెంచండి. పన్నెండు నుండి పద్నాలుగు మధ్య ఎక్కడ ఆగినా మంచిదే. పదహారు గంటలు చాలామందికి అవసరం లేదు. కోపం, తలనొప్పి, నిద్రలేమి కనిపిస్తే అరగంట వెనక్కి తగ్గండి, అందులో ఓటమి లేదు. వారానికి ఒకేసారి, శుక్రవారం ఫజర్ తరువాత బరువు చూసుకొంటే చాలు.

గర్భవతులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు, బక్కపలచని వారు, క్షయకు మందులు వాడేవారు, మూత్రపిండాల జబ్బు లేదా కడుపులో పుండు ఉన్నవారు ఈ దారికి రావద్దు. ఇన్సులిన్ గాని, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు గాని వాడేవారు డాక్టరును అడగకుండా ఒక్క పూట కూడా మానవద్దు. చెమట, వణుకు, గుండెదడ, మాట తడబాటు కనిపిస్తే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి త్రాగి, పావుగంట తరువాత మళ్లీ పరీక్షించుకోండి. స్పృహ తప్పిన వారి నోట్లో ఏమీ పోయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. రమజాన్ రోజాలో సైతం చక్కెర 70 కన్నా పడిపోతే రోజా విరమించాలని వైద్యులు చెబుతారు. వేలి చివర రక్తం తీసి చూసుకొన్నంత మాత్రాన రోజా భంగం కాదు. రోగులకు, ప్రయాణికులకు సూరా అల్ బఖరా 184, 185 ఆయతులలో అల్లాహ్ సడలింపు ఇచ్చాడు. ఫర్జ్ రోజాకే సడలింపు ఉన్నప్పుడు, మనం స్వయంగా కల్పించుకొన్న గంటల విషయంలో మొండితనం ఎందుకు?

ఆ పిల్లవాడు ఇప్పుడు ఏడవ పారాలో ఉన్నాడు. నిన్న ఉదయం మళ్లీ ఒక ఆయతు వద్ద ఆగాడు. నేను కూడా ఆగాను. వాడు గుర్తుచేసుకొని ముందుకు సాగాడు.

అల్లాహ్ మన దేహాలను ఆయన ఇచ్చిన అమానత్‌గా కాపాడుకొనే వివేకాన్ని, మోయగలిగిన బరువునే ఎత్తుకొని చివరి వరకు నిలిచే సహనాన్ని మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.