రోగ నిర్ధారణ సరే, మందెవరికి?

రఘురామ్ రాజన్, రోహిత్ లాంబా 2023 చివర్లో వెలువరించిన ‘బ్రేకింగ్ ది మౌల్డ్’ విద్యావంతులైన భారతీయుల మెప్పు పొందడంలో ఆశ్చర్యమేమీ లేదు. ఆ గ్రంథం మెచ్చుకున్నది వారు నడిచివచ్చిన దారినే. చైనా ఎక్కిన కర్మాగారాల మెట్లు భారతదేశానికి ఇక అందవనీ, పరిశ్రమలకు రాయితీలు పంచడం మాని బడుల మీద, విశ్వవిద్యాలయాల మీద, ఆరోగ్యం మీద వెచ్చించాలనీ, మేధాశక్తితో కూడిన సేవలను ప్రపంచానికి అమ్మాలనీ రచయితల ప్రతిపాదన.

రాయితీలను వారు తూర్పారబట్టిన తీరు నిజంగా ప్రశంసనీయం. సానంద్‌లో మైక్రాన్ తలపెట్టిన చిప్‌ల కర్మాగారానికి అంచనా వ్యయం 275 కోట్ల డాలర్లు. అందులో సగం కేంద్రానిది, 20 శాతం గుజరాత్ ప్రభుత్వానిది. ప్రకటించిన ప్రత్యక్ష ఉద్యోగాలు 5,000. లెక్క వేసి చూస్తే ఒక్కో కొలువుకు ప్రజాధనం మూడు కోట్ల రూపాయలకు పైమాటే! అక్కడ జరిగేది చిప్‌ల తయారీ కూడా కాదు, వాటి కూర్పూ పరీక్షా మాత్రమే.

చిక్కంతా ఆ తరువాతే. 2018-19లో దేశ శ్రామికుల్లో 42.5 శాతం వ్యవసాయంలో ఉండగా, 2023-24 నాటికి ఆ వాటా 46.1 శాతానికి పెరిగింది. ఎదుగుతున్న దేశంలో జనం పొలం విడిచి వెళ్లాలి. ఇక్కడ పొలానికే మళ్లారు. జాతీయాదాయంలో ఐదో వంతైనా ఇవ్వలేని రంగం దాదాపు సగం మందిని మోస్తున్నది. మరోవైపు, హైదరాబాదు రూపురేఖలనే మార్చిన సాఫ్ట్‌వేర్ పరిశ్రమలో దేశం మొత్తం మీద ఉన్నవారు యాభై లక్షల పైచిలుకు. యాభై కోట్లు దాటిన శ్రామిక జనంలో నూటికి ఒక్కరు.

ఒక ఇంజనీరు కొలువు చుట్టూ మరికొన్ని చిన్న కొలువులు పుడతాయన్నది ఈ తరహా వాదనలో తరచు వినవచ్చే సమాధానం. పుడతాయి, నిజమే. కాపలాదారు, వంటమనిషి, ఇంటింటికీ అన్నం మోసే బైకు కుర్రవాడు. వీరిలో ఎందరికి భవిష్యనిధి ఉన్నది? ఇరవయ్యేళ్ల తరువాత ఆ కాపలాదారు ఏ మెట్టు ఎక్కి ఉంటాడు?

కుట్టుమిషన్ల కర్మాగారం ఇంతకంటే మేలని చెప్పడానికి కాల్పనికత అక్కరలేదు. అక్కడ జీతాలు తక్కువ, పని గంటలు కఠినం, భద్రత అంతంతమాత్రం. అయినా పదో తరగతి దాటని ఆడపిల్లకు తన పేరిట నెల జీతం వచ్చే చోటు అది. బంగ్లాదేశ్‌లో దుస్తుల పరిశ్రమ సుమారు 40 లక్షల మందికి పని ఇస్తున్నది; వారిలో అధికులు స్త్రీలే. విశాఖ దాపున అచ్యుతాపురంలో బ్రాండిక్స్ దుస్తుల కర్మాగారాలకు చుట్టుపక్కల పల్లెల నుంచి వేల మంది మహిళలు బస్సుల్లో వచ్చిపోతున్నారు. ఆ బస్సుకు ప్రత్యామ్నాయంగా సేవారంగం వారికేమి ఇవ్వగలదో తేల్చి చెప్పకుండా, ఆ దారి మూసుకుపోయిందనడం తొందరపాటు.

బడులను బాగుచేయాలనడంలో రెండో మాట లేదు. కానీ ఈనాడు బాగుచేసిన ఒకటో తరగతి కొలువు వెదుక్కునే నాటికి పదిహేనేళ్లు గడుస్తాయి. నాసిరకం బడిలో చదివి ఇప్పటికే ఇరవై దాటినవారి మాటేమిటి? అంతర్జాతీయ కార్మిక సంస్థ, మానవాభివృద్ధి సంస్థ కలిసి 2024లో వెలువరించిన నివేదిక ప్రకారం యువతలో చదవడం రాయడం రానివారి నిరుద్యోగం 3.4 శాతం, పట్టభద్రులది 29.1 శాతం. నిరక్షరాస్యుడికి ఖాళీగా కూర్చునే స్తోమత లేదు గనుక ఏదో ఒక కూలికి పోతాడు. ఆ నివేదిక ఆవిష్కరణ సభలోనే కేంద్ర ప్రభుత్వ ప్రధాన ఆర్థిక సలహాదారు, నిరుద్యోగం వంటి సమస్యలన్నిటినీ ప్రభుత్వమే పరిష్కరించగలదనుకోవడం సరికాదన్నారు. చిప్‌ల కంపెనీ విషయంలో మాత్రం ప్రభుత్వానికి ఈ వినయం గుర్తుకు రాలేదు.

2019లో రైల్వే శాఖ ప్రకటించిన 35 వేల పైచిలుకు ఉద్యోగాలకు 1.25 కోట్ల దరఖాస్తులు వచ్చాయి. 2022 జనవరిలో బిహార్‌లోని గయలో అభ్యర్థుల ఆగ్రహానికి రైలు పెట్టెలు తగలబడ్డాయి. ఇంటర్మీడియట్ చాలునన్న పోస్టులకు కూడా పట్టభద్రులు పోటీకి దిగడం ఆ గొడవకు ఒక కారణం.