జర్మానిక భాషాపట్టము: వాకిటి నియమములు

ఇల్లు చూచి యిల్లాలిని చూడుమని మన పెద్దలు చెప్పిరి. విశ్వవిద్యాలయముల విషయమున వాకిలి చూచి విద్యను చూడవలయునని నా యభిప్రాయము. ఎవరిని లోనికి రానిచ్చుచున్నారో, ఎవరిని వెలుపలినుండియే పంపివేయుచున్నారో తెలిసినచో లోపల దేనిని విద్య యనుకొనుచున్నారో తెలిసిపోవును. జర్మానిక భాషాసాహిత్యములందు యం.ఏ. పట్టము నొసఁగు విశ్వవిద్యాలయముల ప్రవేశనియమములను పరిశీలింపఁగా, అచ్చట పాండిత్యమునకుఁ గాక, పాండిత్యముపై నంటించిన చీటికి మర్యాద జరుగుచున్నట్లు నాకుఁ దోఁచుచున్నది. ఇది తొందరపడి యన్నమాట కాదు. కారణములను మనవి చేయుదును. చదువరులే న్యాయము నిర్ణయింతురు గాక.

జర్మానిక భాష లనఁగా నొక్క జర్మను భాషయే కాదు. ఇంగ్లీషు, డచ్చి, స్వీడిషు, డేనిషు, నార్వీజియను, ఐస్లాండికు, ఫ్రీజియను, యిద్దిషు మొదలైనవన్నియు నా కుటుంబములోనివే. నాలుగవ శతాబ్దమున వుల్ఫిలా గోథుల భాషలోనికి మార్చిన బైబిలు, ప్రాచీనాంగ్లమునందలి బేవుల్ఫు, 1200 ప్రాంతమున వెలసిన నీబెలుంగుల కావ్యము, ఐస్లాండువారి ఎడ్డాలు మొదలుకొని గేటే, షిల్లరు, కాఫ్కాల రచనలవఱకు నీ విద్యకు క్షేత్రము. అమెరికాలో హార్వర్డు, ఇల్లినాయి విశ్వవిద్యాలయములందు జర్మానిక భాషాసాహిత్యశాఖ యనుపేరనే శాఖలు కలవు. జర్మనీలో జర్మనుభాషాసాహిత్యముల విద్యకు గెర్మనిస్టిక్ అని పేరు.

ఇందుఁ జేరఁగోరువారి నేమడుగుచున్నారు? జర్మనీలో సామాన్యముగా మొదట నడుగునది ఆ విషయముననే గాని, దానికి సమీపమైన విషయమున గాని మూఁడేండ్ల పట్టము. అందు గెర్మనిస్టిక్ పాఠములకు నిర్ణీతసంఖ్యగల క్రెడిట్లుండవలయును. మూఁడేండ్ల పట్టమునకు మొత్తము 180 క్రెడిట్లు. ఒక్కొక్క క్రెడిటునకు 25 మొదలు 30 గంటల పని యని లెక్క. రెండవది భాషాజ్ఞానము. ఐరోపావారి యాఱుమెట్ల కొలతలో నయిదవదియైన సి1 గాని, టెస్ట్‌డాఫ్ పరీక్షయొక్క నాలుగు భాగములందును నాలుగవ స్థాయి గాని, డి.ఎస్.హెచ్. పరీక్షలో రెండవ స్థాయి గాని సాధారణముగాఁ గోరుదురు. మూఁడవది మార్కుల హద్దు. ఇవి చాలక, 2022 నవంబరు నుండి భారతీయవిద్యార్థులు తమ పట్టములు నిజమైనవే యని ఏ.పి.ఎస్. వారిచే ధ్రువపత్రము పొందవలసివచ్చినది. అమెరికాలో నైనచో జర్మను ప్రధానవిషయముగాఁ గల బి.ఏ. లేక ‘తత్సమానము’, ఉద్దేశపత్రము, సిఫారసు లేఖలు, అభ్యర్థి వ్రాసిన యొక వ్యాసము, విదేశీయులకు టోఫెల్ వంటి యింగ్లీషు పరీక్ష వలయును. జి.ఆర్.ఇ. యను పరీక్షను 2020 తరువాత ననేకశాఖలు మానుకొన్నవి. నీబెలుంగుల కావ్యము చదువఁబోవువానికి గణితపరీక్ష యేల యని యడుగుటకు వారి కన్నియేండ్లు పట్టినది!

ఈ నియమములలో భాషాజ్ఞానము నడుగుటను నేను తప్పుపట్టను. జర్మను రానివాఁడు జర్మనుకావ్యమును విమర్శింప లేఁడు. అమెరికాలో నీ విద్యార్థులు పలువురు క్రింది తరగతులవారికి జర్మను బోధించి వేతనము గొనుచు తమ చదువు సాగింతురు; కావున నోటిమాటయు వలయును. నా వివాదమంతయు మొదటి నియమముతోడనే. పట్టముపేరు చూచి మనుష్యుని చూడకపోవుట దోషమని నా వాదము.

ఇందులకు నా కనులయెదుట జరిగిన నిదర్శన మొకటి కలదు. నాయొద్ద సంస్కృతము చదివిన యొక బాలిక సంస్కృతాంగ్లములు విషయములుగా బి.ఏ. ముగించి, పగలు పాఠశాలలో బోధించుచు, సాయంకాలములందు నాలుగేండ్లు జర్మను నేర్చి, సి1 పరీక్షయందుఁ గృతార్థురాలయ్యెను. మధ్యకాలపు జర్మనువ్యాకరణము నొకదాని ముందుంచుకొని నీబెలుంగుల కావ్యమును సగమువఱకు మూలముననే చదివెను. క్రియాపదముల నడిమి యచ్చుమార్పులను చూపి, మన గుణవృద్ధులకును వీనికిని గల సంబంధమును గూర్చి యిరువది పుటల వ్యాసమును జర్మనుననే వ్రాసెను. ఒక విశ్వవిద్యాలయమునకు దరఖాస్తు పంపఁగా రెండు పంక్తుల ప్రత్యుత్తరము వచ్చినది. ఆమె బి.ఏ.లో గెర్మనిస్టిక్ క్రెడిట్లు లేవఁట. కావున దరఖాస్తు పరిశీలనకుఁ దగదఁట. వ్యాసమును విప్పి చూచిన జాడయే లేదు. సముద్రమున కావలనున్న మఱియొకదానికి వ్రాసి, మీ నియమములలోని ‘తత్సమాన’ మను మాటకు నర్థమేమని యడిగినచో, వారు పట్టములను గూర్చి యదే వాక్యమును మరల నెత్తి వ్రాసిరి. ఆమె నేఁడొక వ్యాపారసంస్థలో యంత్రముల వాడుకపుస్తకములను జర్మనునుండి యింగ్లీషునకు మార్చుచున్నది. పనియందు దోషములేదు, కాని ఆమె నేర్చిన దందులకుఁ గాదు.

క్రెడిట్లు లేవన్నారు గదా, ఏ విద్యకు లేవన్నారో విచారింతము. జర్మానిక భాషాశాస్త్రము పుట్టుటయే సంస్కృతముతోఁ బుట్టినది. 1786లో విలియం జోన్సు కలకత్తాలో గ్రీకు, లాటిను, సంస్కృతముల యేకమూలత్వమును ప్రకటించి, గోథుల భాషయు నా మూలమునుండియే వచ్చియుండునని సూచించెను. 1816లో ఫ్రాంజ్ బొప్పు సంస్కృత క్రియారూపములను గ్రీకు, లాటిను, పారసీక, జర్మానిక రూపములతోఁ బోల్చి గ్రంథము ప్రకటించెను. 1822లో యాకోబ్ గ్రిమ్ము హల్లుల మార్పులకు సూత్రము చెప్పెను. మన పకారము వారికి ఫకారమైనది, మన దకారము వారికి టకారమైనది. మన దశ యింగ్లీషువాని టెన్ను అయినది.

ఇంతకంటెను చక్కని నిదర్శనము కలదు. సంస్కృతమున పితృ, మాతృ, భ్రాతృ శబ్దములు మూఁటియందును నడిమి హల్లు తకారమే. జర్మనులో నవి ఫాటర్, ముట్టర్, బ్రూడర్. మొదటి రెంటను టకారము, మూఁడవదాన డకారము. ఒక్క తకారమే యిట్లు రెండువిధముల మాఱుటకుఁ గారణమేమి? గ్రిమ్ము సూత్రమున కిది లొంగలేదు. 1875లో డేనిషు పండితుఁడు కార్ల్ వెర్నెరు దీని రహస్యమును కనుఁగొనెను. వేదమున భ్రాతృశబ్దమునం దుదాత్తము మొదటి యచ్చుమీఁద నున్నది. పితృ, మాతృ శబ్దములం దది తుది యచ్చుమీఁద నున్నది. ఆ హల్లునకు ముందున్న యచ్చు ఉదాత్తమైనచో నొక మార్పు, కానిచో మఱియొక మార్పు. జర్మానిక భాషలు స్వరస్థానమును పదాదికిఁ జేర్చి తొల్లిటి దానిని మఱచిపోయినవి. మన వేదపాఠకులు నోటఁ గాపాడిన స్వరము వారు మఱచిన చరిత్రను వారికిఁ జెప్పినది. ఈ సూత్రమును బోధింపని జర్మానిక భాషాచరిత్ర యుండదు. అట్టి విద్యకు సంస్కృతపట్టము ‘సమీపమైన విషయము’ కాదనుట తల్లివంకవారిని పెండ్లికిఁ బిలువమనుట వంటిది.

లాటినుభాష జర్మానికము కాదు. అయినను జర్మనీలోఁ బలు విశ్వవిద్యాలయములు చిరకాలము గెర్మనిస్టిక్ విద్యార్థిని లాటిను రావలయునని నిర్బంధించెను. ఏలయన నొక ప్రాచీనభాషయందలి వ్యాకరణశిక్ష బుద్ధిని పదునుపెట్టునని వారి నమ్మకము. ఆ నమ్మకము సత్యమైనచో పాణినీయమునకు నదియే గౌరవము చెల్లవలదా? అంతియకాదు, 1999లో బొలోన్యా నగరమున 29 దేశములవారు చేరి పట్టముల పద్ధతిని మార్చుటకుఁ బూనుకొనకమున్ను, జర్మనీలో మాగిస్టర్ పట్టమునకుఁ జదువువాఁడు రెండుమూఁడు విషయములను కలిపి చదువుకొనుట వాడుక. గెర్మనిస్టిక్ ప్రక్కన భారతీయవిద్యను పెట్టుకొనుటకు వీలుండెను. పద్ధతి నొక్కటిగాఁ జేసి విద్యార్థుల రాకపోకలను సులభము చేయఁదలఁచినవారే, విషయమునకును విషయమునకును నడుమ గోడ లేచుటకుఁ గారకులైరి.

ఇఁక మార్కుల మాట. మన మార్కులను జర్మనుకొలతకు మార్చుటకు బవేరియాసూత్ర మొకటి వాడుకలో నున్నది. అందు 1 యుత్తమము, 4 యుత్తీర్ణతకుఁ గడపటి హద్దు. నూటికి నలువది యుత్తీర్ణత యైనచోట, అఱువది మార్కులతో మనవాఁడు ప్రథమశ్రేణి యని యింట పాయసము వండించుకొనును. ఆ సూత్రమునఁ బెట్టినచో వాని స్థాయి 3.0 మాత్రమే. శాఖ 2.5 నడిగినచో డెబ్బది మార్కులు రావలయును. ప్రపంచమునందలి పరీక్షకు లందఱు నొకేచేతితో మార్కులు వేయుదురని యీ సూత్రము నమ్ముచున్నది. సాహిత్యమునకు అఱువదియైదు వేయుటకే చేయి వణఁకు పరీక్షకులను నేనెఱుఁగుదును. తొంబది యుదారముగా వెదఁజల్లువారిని నెఱుఁగుదును. లెక్క సరియే, లెక్కకుఁ బునాది సరికాదు.

దీనికిఁ బ్రతివాదులు చెప్పు మాటలను మఱుగుపఱుపను. వాకిలి తెఱచినచో ననర్హులు వెల్లువగా వత్తురని వారి భయము. దరఖాస్తు లన్నియుఁ జదువుటకు నధ్యాపకులకుఁ దీఱిక లేదందురు. దొంగపట్టములు తెచ్చువారు కలరందురు. ఇందు సత్యము కలదు; మన దేశమునుండి యట్టివి పోవుచున్నవని సిగ్గుతో నొప్పుకొందము. అంతియకాదు, సంస్కృతమను పేరునకు విలువ తగ్గించినవారము మనమే. మన ఇంటర్మీడియెటు కళాశాలలలో సంస్కృతమును రెండవభాషగాఁ గైకొనువారిలో ననేకులు మార్కులకై కైకొనువారే. శబ్దమంజరి తెఱవనివానికి నూటికి తొంబదియెనిమిది వచ్చుచున్నవి. ఆ పట్టికను చూచిన విదేశీయుఁడు మన సంస్కృతమును నమ్మకుండుట వాని తప్పా? జర్మను విషయమునను మన నడత యట్టిదే. హైదరాబాదులో జర్మను నేర్చువారికిఁ గొఱఁత లేదు. వీసాకు వలసిన మెట్టువఱకు నేర్చి, మఱునాఁడు పుస్తకమును మూసివేయువారే పెక్కండ్రు.

కాని యీ వాదమంతయు నా పక్షమునకే బలము. చీటి యబద్ధ మాడఁగలదు గనుకనే చీటిని నమ్మరాదనుచున్నాను. మన తొంబదియెనిమిదిని నమ్మవలదు. వారి క్రెడిట్ల లెక్కనును నమ్మవలదు. అభ్యర్థిని కూర్చుండఁబెట్టి పరీక్షింపవలయును. మూఁడుగంటల పరీక్ష చాలును. నేఁటి జర్మనుగద్య మొక పుట యిచ్చి వివరింపుమనుఁడు. ప్రాచీనభాషలో పది పంక్తులిచ్చి నిఘంటువు సాయమున నర్థము చెప్పుమనుఁడు. ఒక ప్రశ్నపై వ్యాసము వ్రాయించుఁడు. పట్టము దొంగిలింపవచ్చును గాని కావలివారియెదుట కూర్చుండి పదిపంక్తుల కర్థము చెప్పు శక్తిని దొంగిలించుట దుర్లభము. తీఱిక లేదనువారికి నొకమాట: ఇట్టి పరీక్షకుఁ గూర్చుండు ధైర్యము చాలమందికి లేదు. మీరు భయపడు వెల్లువ యక్కడనే యాఁగును.

రెండవది, ‘తత్సమాన’ మను మాటకు నర్థమును వ్రాసి ప్రకటింపుఁడు. ఏ విద్య యే పాఠమునకు సమానమో చెప్పుఁడు. వేదస్వరములతోఁ గూడిన సంస్కృతవ్యాకరణమును భాషాచరిత్ర భాగమునకు లెక్కింపుఁడు. మూఁడవది, కొఱఁతపడిన పాఠములను మొదటియేఁట పూర్తిచేయవలయునను షరతుపైఁ జేర్చుకొనుఁడు. కొన్ని విశ్వవిద్యాలయము లిప్పటికే యిట్లు చేయుచున్నవి. కొందఱి దయగా నున్నదానిని అందఱి నియమముగాఁ జేయుమనియే మా ప్రార్థన.

మనవారికిని నొక విన్నపము. సంస్కృతమును మార్కుల బస్తాగాఁ జేయుట మానుదము. జర్మను నేర్పు సంస్థలవారు ప్రయాణపు జర్మనుతోపాటు వారమున కొకగంట కావ్యమునకును కేటాయింతురు గాక. మన యింటిలో నాణెము మేలైనదైనచో, పైవాని గీటురాయిని నిందించుటకు మనకు హక్కు కలుగును.

ఆ బాలిక యీ యేఁడు మరల దరఖాస్తు పంపుచున్నది. సంవత్సరకాలము శ్రమించి వ్యాసమును తిరుగ వ్రాసి పెంచినది. శాఖాధ్యక్షులారా, దానిని చదివి బాగులేదని కాదనుఁడు, తలవంచి యంగీకరింతుము. చదువక కాదనకుఁడు.